నాయనమ్మ బెల్లం టీ

మా నాయనమ్మ చేతి బెల్లం టీ తాగి పెరిగినవాణ్ని నేను. ఒంగోలుకు దగ్గర్లోని మా పల్లెలో తెల్లవారుజామున నాలుగింటికే ఆమె పొయ్యి వెలిగేది. సత్తు గిన్నెలో నీళ్లు, చితక్కొట్టిన శొంఠి ముక్క, రెండు చెంచాల టీ పొడి. పాలున్న రోజు పాలు, లేని రోజు నల్ల టీయే. బెల్లం మాత్రం గిన్నె పొయ్యి మీదుండగా వేసేది కాదు. మరిగే పాలల్లో బెల్లం పడితే విరిగిపోతాయి. అందుకని బెల్లాన్ని విడిగా నీళ్లలో కరిగించి, ఇసుక, చెరుకు పిప్పి పోయేలా పాత గుడ్డలో వడగట్టి, గిన్నె దించిన తర్వాతే కలిపేది. “తొందరపడితే విరుగుద్దిరా” అనేది. ఇంట్లో పిల్లలం ఆరుగురం, స్టీలు గ్లాసులు నాలుగు. ఒకరు తాగి తొలిచి ఇస్తే మరొకరు తాగాలి. ఆ తర్వాత ఆమె పొగాకు బ్యారన్ పనికి పోయేది.

ఆమె ఇంట్లో ఎన్నిసార్లైనా టీ కాచేది కానీ ఊరి మధ్యనున్న టీ కొట్టులో మాత్రం ఒక్కసారి కూడా తాగలేదు. ఆ కొట్టులో మా పేటవాళ్ల గ్లాసులు వేరుగా చూరులో దోపి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లే తీసుకోవాలి, పైనుంచి పోసిన టీ తాగాలి, కడిగి మళ్లీ చూరులోనే పెట్టాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే రద్దు చేసింది. దాన్ని పాటించినవారిని శిక్షించే చట్టం 1955లో వచ్చింది. ఆ చట్టం మా ఊరి టీ కొట్టు దాకా రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. మా నాన్న ఆ చూరు గ్లాసుతోనే తాగేవాడు. పొద్దంతా పొలంలో వంగి పనిచేసిన మనిషికి గుక్కెడు టీ కావాలి కదా, ఏం చేస్తాడు?

నాకు పదేళ్లున్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మధ్యాహ్నం ఉరుములతో పెద్ద వాన పట్టుకుంది. ఊళ్లోని పెద్ద రైతు ఒకాయన బండి మా పేట దగ్గర బురదలో కూరుకుపోయింది. తడిసి ముద్దయి ఆయన మా పంచలోకి వచ్చి నిలబడ్డాడు. వాన తగ్గలేదు. కాసేపటికి “ఇన్ని మంచినీళ్లు పొయ్యి” అని నాయనమ్మను అడిగి, రెండు చేతులూ దోసిలి పట్టాడు. మా గ్లాసు ముట్టుకోకుండా తాగాలని ఆయన ఉద్దేశం. కొట్టు దగ్గర మేము దోసిలి పట్టడం చూశానే గానీ, ఒక ఆసామి మా గుమ్మంలో దోసిలి పట్టడం నేను చూడటం అదే మొదలు.

నాయనమ్మ లోపలికెళ్లి టీ గ్లాసుతో వచ్చింది. “వేడి టీ అయ్యా, దోసిట్లో పోస్తే చేతులు కాలతాయి. గ్లాసు పట్టుకోండి” అంది.

మూలన కుండ నిండా నీళ్లున్నాయి. నీళ్లడిగిన మనిషికి టీ ఎందుకిచ్చావని నేను తర్వాత చాలాసార్లు అడిగాను. వానలో తడిసినోడికి చల్లనీళ్లు ఎవరిస్తారురా అనేది. అంతకుమించి ఏమీ చెప్పేది కాదు. ఆయన ఆ గ్లాసు వంక చాలాసేపు చూశాడు. టీ మీద ఆవిరి లేస్తోంది. చివరకు తీసుకుని, అంచుకు పెదవి ఆనించి తాగాడు. “బెల్లం బాగుంది” అన్నాడు. వాన వెలిశాక వెళ్లిపోయాడు.

ఆయన గడప దాటీ దాటకముందే మా బాబాయి లేచాడు. అప్పుడాయన ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాడు. ఉడుకు రక్తం. ఆ గ్లాసును మన చూరులో పెడతాను, మళ్లీ ఆ పెద్దమనిషి వస్తే అందులోనే పోద్దాం, మనకు చేసింది వాళ్లకూ తెలియాలి అన్నాడు. ఆ కోపంలో న్యాయం లేదని నేనిప్పటికీ అనలేను. నాయనమ్మ మాత్రం ఆ గ్లాసు లాక్కుని, గిన్నెలో మిగిలిన టీ అందులోనే పోసుకుని తాగేసింది. “మనింట్లో చూరు గ్లాసు ఉండదురా” అంది.

సెమినరీలో యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదువుకున్న రోజు నాకు ఈ గ్లాసే గుర్తొచ్చింది. సుఖారు అనే ఊరి దగ్గర యాకోబు బావి ఉంది. మిట్టమధ్యాహ్నం ప్రయాణపు అలసటతో యేసుప్రభువు అక్కడ కూర్చుని, నీళ్లకొచ్చిన సమరయ స్త్రీని దాహానికి ఇమ్మని అడిగాడు. యూదుడివై ఉండి నన్నెలా అడుగుతున్నావని ఆమె ఆశ్చర్యపోయింది. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని అక్కడే యోహాను వివరణ ఇస్తాడు (4:9). అక్కడున్న గ్రీకు మాటకు ‘కలిసి వాడుకోవడం’ అనే అర్థం కూడా ఉంది. ఒకరి పాత్రలో మరొకరు తాగరన్నదే ఆ మాట భావమని కొందరు పండితులంటారు. యూదయలో చూరు ఉందో లేదో నాకు తెలియదు గానీ, చూరు గ్లాసు మాత్రం ఉంది!

ఇక్కడ మనం దాటేసి పోయే చిన్న మాట ఒకటుంది. చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదు కదా అని ఆ స్త్రీ ప్రభువుతోనే అంటుంది (4:11). అంటే ఆయన తాగితే ఆమె పాత్రలోనే తాగాలి. జీవజలం ఇవ్వగలిగినవాడు ముందుగా ఆమె కుండ అంచుకు పెదవి ఆనించడానికి సిద్ధపడ్డాడు. ఆయన ఆ నీళ్లు తాగాడని యోహాను ఎక్కడా రాయలేదు. ఆమె కుండ అక్కడే వదిలి ఊళ్లోకి వెళ్లిందని మాత్రం రాశాడు (4:28). ఎందుకు వదిలింది? దీని మీద వ్యాఖ్యాతలు చాలా రాశారు. సెలవులకు ఇంటికెళ్లి నాయనమ్మనడిగితే “ఆయన తాగడానికే” అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ తర్వాత ఆ ఊరివాళ్లు బతిమాలితే ప్రభువు అక్కడే రెండు రోజులున్నాడు (4:40). రెండు రోజులూ ఆయన ఎవరి ఇంట తిన్నాడు, ఎవరి గిన్నెలో తాగాడు? సమరయుల గిన్నెల్లోనే కదా!

నాయనమ్మకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఆమె తాత ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్విన కూలీ. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ జాన్ క్లౌ ఆ కరువు రోజుల్లో కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తన తాతా వాళ్లలో ఉన్నాడని నాయనమ్మ గర్వంగా చెప్పేది. అంతకన్నా ఆమెకు ఇష్టమైన కథ ఇంకొకటుంది. క్లౌ దొర వచ్చిన కొత్తలో, మాదిగలను చేర్చుకుంటే మేం మీ దగ్గరకు రామని అగ్రవర్ణాలవారు చెప్పారట. ఏం చేయాలో తోచక దొర ఒక గదిలో, దొరసాని మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం కనిపించింది. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు రాసిన భాగమది (1 కొరింథీ 1:26-29). దాంతో మాదిగలనే చేర్చుకున్నారు. “దొర ఆ రోజు రెండు గ్లాసులు పెట్టుంటే మనం ఈ రోజు యాడుండేవాళ్లం?” అనేది.

ఇంతవరకూ చదివి, పాస్టరుగారి కుటుంబం ఎంత గొప్పదో అనుకుంటున్నారేమో. ఆ పొరపాటు పడకండి. మొన్న మా ఇంట్లో నా భార్యకు జ్వరమొచ్చింది. పొద్దున్నే టీ పెట్టే పని నాకు పడింది. షుగరు వ్యాధితో తీపి తగ్గించిన ఇల్లు మాది. అయినా ఆ రోజెందుకో నాయనమ్మ గుర్తొచ్చి బెల్లం టీ కాచాను. గిన్నె దించాకే బెల్లం నీళ్లు కలిపాను. విరగలేదు. రెండు కప్పుల్లో పోసి, అంట్లు తోమడానికొచ్చిన అమ్మాయికి కూడా పోద్దామని అరమరలో ఇంకో కప్పు కోసం చేయి పెట్టాను.

“నా గ్లాసు అక్కడ కాదు అయ్యగారూ, వెనక కిటికీలో ఉంది” అందా అమ్మాయి.

వెళ్లి చూస్తే కిటికీ ఊచల పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు. ఆరేళ్లుగా ఆమె మా ఇంట్లో పనిచేస్తోంది. ఆ గ్లాసు అక్కడ పెట్టమని నేను చెప్పలేదు, నా భార్యా చెప్పలేదట. ఎవరూ చెప్పకుండానే అది అక్కడికి చేరింది. ఆరేళ్లుగా ఆ కిటికీ పక్కనుంచే నేను చర్చికి వెళ్తున్నాను. అంతకుముందు ఆదివారమే యాకోబు బావి మీద నలభై నిమిషాలు ప్రసంగించాను కూడా.

ఆ గ్లాసు తెచ్చి మా కప్పుల పక్కన పెట్టి, ఆమెకు కప్పులో టీ పోసి ఇచ్చాను. తీసుకోలేదు. వద్దులెండి అయ్యగారూ, అమ్మగారు ఏమనుకుంటారో అంది. లోపల్నుంచి నా భార్య దుప్పటి కప్పుకునే వచ్చి ఆమె పక్కన కూర్చుంది. అయినా ఆ రోజు చల్లారిపోయేదాకా కప్పు ముట్టుకోలేదు. రెండో రోజూ అంతే. కిటికీలో గ్లాసు కోసమే వెతుక్కుంది. ఆరేళ్లు మేం నేర్పిన పాఠం రెండు రోజుల్లో ఎలా పోతుంది? మూడో రోజు కప్పు అందుకుని, గోడ వైపు తిరిగి ఒక గుక్క తాగింది.

“బెల్లం చాలలేదు అయ్యగారూ” అంది.