ఫిజియోథెరపీ వైద్యాలయమునకు బోవువారు తెలిసికొనదగిన సంగతులు

మా విద్యార్థినుల వసతిగృహమున చాలకాలముగా వంటచేయుచుండిన అవ్వకు కడచిన వేసవిలో ఒక ఉదయమున కుడిప్రక్క పడిపోయెను. మాటయు తడబడెను. ఆసుపత్రివారు పది దినములుంచుకొని ప్రాణము కాపాడి, ఇంటికి పంపునపుడు ఒక కాగితము నిచ్చిరి. అందు మందుల పేర్లక్రింద, ఫిజియోథెరపీ విభాగమునకు వెంటనే తీసికొనిపోవలెనని వ్రాసియుండెను. దానిని మేమే చదివితిమి; చదివియు మందుల సంచిలో అడుగున పెట్టితిమి. పక్షవాతపు మనిషికి విశ్రాంతియే మందని చూడవచ్చినవారందరును చెప్పుచుండిరి. మాకును అది సబబుగానే తోచెను. నలువది దినములు అవ్వ మంచము దిగలేదు. తుదకు మేము తీసికొనిపోవునప్పటికి కుడి భుజమును కదలించినచో కేకవేయుచుండెను. వ్రేళ్ళు పిడికిలిగా ముడుచుకొనిపోయి యుండెను.

ఆ నలువది దినములను మరల తెచ్చుట మావలన గాదు. కాని మన విద్యార్థుల ఇండ్లలో నడుము నొప్పివారు, మోకాలి నొప్పివారు, ఎముక విరిగినవారు, పక్షవాతము వచ్చినవారు ఎందరో కలరు. వారికి ఉపయోగపడునని తలచి, అప్పటినుండి అవ్వవెంట పోవుచు మేము చూచినదియు, అడిగి తెలిసికొన్నదియు, చదివినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట మేము ఆశ్చర్యపడినది అచ్చట ఒక్క వైద్యుడుగాక పలువురుండుటయే. శరీర పునరావాస వైద్యశాస్త్రము చదివిన డాక్టరు రోగమును నిర్ణయించి మందులు వ్రాయును. ఫిజియోథెరపిస్టు కండరములకును కీళ్ళకును పని నేర్పును. ఆక్యుపేషనల్ థెరపిస్టు అనునాయన అన్నము కలుపుకొనుట, గుండీలు పెట్టుకొనుట, స్నానము చేయుట మొదలగు దినకృత్యములను మరల అభ్యాసము చేయించును. మాట నేర్పువారు వేరు. కట్టుడు కాళ్ళు, పట్టీలు, తగిన చెప్పులు చేయువారు వేరు. మనసు క్రుంగినవారితో మాటలాడువారును, ఇంటి పరిస్థితులు, ఖర్చులు విచారించు సంఘసేవికయు నుందురు. ప్రతి ఊరి వైద్యాలయములోను ఇందరు లేకపోవచ్చును గాని, ఉన్నచోట వారందరును కూడి ఒకే రోగినిగూర్చి మాటలాడుకొందురు. ఇందులోని లాభము మాకు మొదటి దినముననే తెలిసినది. మాట నేర్పు ఆమె అవ్వకు గ్లాసెడు నీరిచ్చి త్రాగుమనెను. మాటకును నీటికిని సంబంధమేమని మేము నవ్వుకొంటిమి. అవ్వ రెండు గ్రుక్కలు మింగి దగ్గెను. మాటకు పనిచేయు నాలుక, గొంతుకలే మింగుటకును పనిచేయుననియు, అవి దుర్బలమైనప్పుడు నీరు ఊపిరితిత్తులలోనికి జారి జబ్బు చేయుననియు ఆమె చెప్పెను. అంతవరకు మేము అవ్వను పండుకొనబెట్టి గంజి పోయుచుంటిమి! ఆ దినమునుండి నిటారుగా కూర్చుండబెట్టి, చిక్కగా చేసిన ఆహారమును చెంచాతో కొంచెము కొంచెముగా నిచ్చితిమి.

ఈ విధమైన వైద్యము మనదేశమునకు క్రొత్తది కాదు. 1952లో బొంబాయిలో పోలియో వ్యాపింపగా, 1953లో అచ్చటి కె. ఇ. ఎమ్. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల ఏర్పడెను. మన చిత్తూరునకు దగ్గరనున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల కథ ఇంకను చెప్పుకొనదగినది. మేరీ వర్గీసు అను యువ వైద్యురాలు 1954లో మోటారు ప్రమాదమున వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింద స్పర్శయు చలనమును కోల్పోయెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండియే, డాక్టరు పాల్ బ్రాండు కడ శిక్షణపొంది, కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసెను. ఆస్ట్రేలియాలోని పెర్తులో తాను రోగిగా శిక్షణము పొంది, న్యూయార్కులో డాక్టరు హోవర్డు రస్కు నొద్ద ఈ శాస్త్రము నభ్యసించి తిరిగివచ్చెను. ఆమె ఆధ్వర్యమున 1966లో వెల్లూరున పునరావాస సంస్థ తెరువబడెను. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ నిచ్చెను. ఆమె 1986లో దివంగతురాలయ్యెను. ఆమె రోగులకు "ప్రయత్నింపుము" అని చెప్పినప్పుడు కాదనుటకు ఎవరికి నోరు వచ్చియుండును?

పోవునపుడు వెంట తీసికొని పోవలసినవి కొన్ని కలవు. పాత చీటీలన్నియు, ఎక్సురే పటములు (రిపోర్టు మాత్రమే చాలదు), వాడుచున్న మందులు, నిత్యము తొడుగు చెప్పులు, ఊతకర్రయున్న అదియును కావలెను. చెప్పుల అరుగుదల చూచి నడకలోని లోపమును కనిపెట్టుదురు. వదులైన బట్టలు కట్టుకొనవలెను. మోకాలును భుజమును చూడక వైద్యము చేయుట సాధ్యము కాదు. అందుకు మన స్త్రీలు సిగ్గుపడి మొదటి దినమే మానుకొనుట కలదు. తెర కట్టుమని, స్త్రీచేత పరీక్ష చేయింపుమని, తోడువచ్చినవారిని దగ్గర నుండనిమ్మని నిస్సంకోచముగా అడుగవచ్చును. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు ఉపవాసముతో పోరాదు. జేబులో కొంచెము చక్కెరయో బెల్లమో ఉంచుకొనవలెను. ఇంట నిజముగా సేవచేయువారే తోడుపోవలెను. పట్టణము చూడవలెనను ముచ్చటతో వచ్చిన బంధువునకు నేర్పినది రోగికి ఉపయోగపడదు.

చికిత్స చేయువారి చదువేమని అడుగుట అమర్యాద కాదు. ఫిజియోథెరపీకి విశ్వవిద్యాలయపు డిగ్రీ కలదు. 2021లో వచ్చిన చట్టమువలన ఈ వృత్తులకు జాతీయ సంఘమును ఏర్పడినది. నాలుగు విద్యుత్తు యంత్రములు కొని బల్లపై పెట్టుకొన్న ప్రతివాడును ఫిజియోథెరపిస్టు కాడు.

మొదటి దినమున చికిత్సకంటె ప్రశ్నలే ఎక్కువ. ఇంటికి మెట్లెన్ని, నేలపై కూర్చుండి భుజింతురా, మరుగుదొడ్డి ఎట్టిది, నీరెక్కడనుండి తెచ్చుకొందురు, దేవాలయమునకు నడచిపోదురా అని అడుగుదురు. ఇవి కాలక్షేపపు ప్రశ్నలు కావు. గొంతుకూర్చుండక తీరని మరుగుదొడ్డి యున్న ఇంట మోకాలి రోగికి ఒక విధమైన అభ్యాసము కావలెను, మేడమీద కాపురముండువానికి మరియొకటి కావలెను. తరువాత కొలతలు. కీలు ఎంత వంగునో కోణమానిని వంటి పనిముట్టుతో కొలుచుదురు. క్షేత్రగణితము చదువు పిల్లలు చూచిన సంతసింతురు. కండరముల బలమునకు 0 మొదలు 5 వరకు మార్కులు వేయుదురు. 0 అనగా చలనమే లేదు. 3 అనగా అవయవము తన బరువును తానే పైకెత్తగలదు. 5 అనగా ఆరోగ్యవంతుని బలము. అవ్వ మోచేతికి 2 వచ్చెను.

"మీకేమి పని మరల చేయవలెనని యున్నది?" అని అవ్వనడిగిరి. మేము ముందుకు వంగి, నడచిన చాలునని చెప్పబోతిమి. "అయ్యా, అవ్వను చెప్పనియ్యండి" అని ఆ చిన్నది మృదువుగానే మమ్ము వారించెను. చాల సేపయ్యెను. గది అంతయు నిశ్శబ్దముగా నుండెను. అవ్వ పెదవులు కదల్చి కదల్చి "గంటె" అనెను. నాటినుండి ఆమె అభ్యాసములన్నియు గంటె చుట్టునే తిరిగినవి.

చికిత్స ఎట్లు పనిచేయునో తెలిసినగాని ఓపిక నిలువదు. మెదడులో నెత్తురు అందని భాగము చచ్చిపోవును. అది మరల మొలవదు. కాని చుట్టుప్రక్కల భాగములు ఆ పనిని నేర్చుకొనగలవు, అదియు పలుమారులు చేసిననే. ఎక్కములు నూరుమారులు వల్లించిన పిల్లవానికివలె ఆ చేతికిని పాఠము కంఠస్థము కావలెను. పని లేని కండరము దినదినము క్షీణించును. కదలని కీలు చుట్టునున్న పొర బిగిసికొనును. మా అవ్వ భుజమునకు జరిగినది ఇదియే. పక్షవాతమున మొదటి మూడు నెలలలోనే ఎక్కువ గుణము కనబడును. తరువాతను గుణము కలుగును గాని నెమ్మదిగా కలుగును. కాచు దీపములు, సన్నని విద్యుత్తు పెట్టు యంత్రములు నొప్పిని కొంత తగ్గించును. పలువురు వానికొరకే పోయి, వ్యాయామము చెప్పగానే "ఇందుకా ఇంతదూరము వచ్చితిమి?" అందురు. అసలైన మందు ఆ వ్యాయామమే.

నొప్పినిగూర్చి ఒక మాట. అభ్యాసము తరువాత కండరములు మరునాటివరకు సలుపుట సహజము. పొడిచినట్లు నొప్పి వచ్చినను, కీలు వాచినను, తల తిరిగినను వెంటనే చెప్పవలెను. ఓర్చుకొనుట గొప్పయని తలచి మా అవ్వ ఒకమారు చెప్పక దాచెను, రెండు దినములు చేయి వాచియుండెను. పడిపోయిన చేతిని పట్టుకొని రోగిని లేవనెత్తరాదు. పట్టు తప్పిన భుజపు కీలు జారును. స్పర్శలేని కాలికి వేడినీటి సీసా పెట్టరాదు; చర్మము కాలినను రోగికి తెలియదు. మధుమేహమువారికిని కుష్ఠు సోకినవారికిని ఇది మరింత ముఖ్యము. మంచముననే యుండువారిని రెండు గంటలకొకమారు ప్రక్క మార్చనిచో పుండ్లు పడును. ఇక నూనె మర్దనము సంగతి అందరు నడుగుదురు. మెల్లగా చేసిన హాయినిచ్చును, అంతే. ఒక పిక్క మాత్రమే వాచి ఎర్రబడి నొప్పిగా నున్నచో దానిని ముట్టక డాక్టరుకు చూపవలెను. లోపల నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును, మర్దించిన అది ఊపిరితిత్తులకు పోవచ్చును.

అభ్యాసములకు గాక నేరుగా పెద్ద ఆసుపత్రికే పోవలసిన సమయములును కలవు. నడుము నొప్పితో పాటు మూత్రము తెలియక పోవుట గాని, బిగపట్టుట గాని, తొడల మధ్య మొద్దుబారుట గాని జరిగినచో ఆనాడే పోవలెను. మూతి ఒకప్రక్క జారి, చేయి పడిపోయి, మాట తడబడినచో గడియారము చూచి గంట గుర్తుంచుకొని 108కి ఫోను చేయవలెను. నెత్తురు గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలసియున్నది. అవ్వ విషయమున, ఎప్పుడు పడిపోయెనో ఎవరును చెప్పలేకపోయిరి.

ఖర్చు సంగతి ముందే అడుగుట మేలు: ఎన్నిమారులు రావలెను, ఒక్కొక్కమారు ఎంత, ప్రభుత్వాసుపత్రిలో ఈ విభాగము కలదా అని. దూరపు పల్లెనుండి వచ్చువారు ఆ మాట చెప్పినచో, ఇంట చేయదగిన అభ్యాసములను బొమ్మలతో వ్రాసియిచ్చి, నెలకొకమారు రమ్మందురు. వారు చెప్పినవానిని మీరు వారి యెదుటనే ఒకసారి చేసి చూపి, తప్పులు దిద్దించుకొని రండు. మూడుమారులు పోయి గుణము కనబడలేదని మానివేయుటయే పెక్కుమంది చేయు పొరపాటు. ఆరంభపు కొలతలను వ్రాసియుంచుకొనినచో, కంటికి కనబడని మార్పు కాగితముపై కనబడును.

మా వసతిగృహపు బాలికలు అవ్వకొరకు ఒక నోటుపుస్తకము పెట్టిరి. ఉదయము ప్రార్థన ముగిసిన తరువాత ఒకతె ప్రక్కన నిలిచి లెక్కపెట్టును, మరియొకతె గీతలు గీయును. అవ్వ లెక్క తప్పించి తొందరగా ముగింపజూచును, పిల్లలు ఒప్పుకొనరు. మోచేతికిప్పుడు 4 మార్కులు. వ్రేళ్ళు పూర్తిగా తెరచుకొనలేదు. ఇక తెరచుకొనకపోవచ్చునని డాక్టరు మాతో దాచక చెప్పెను. గంటె పిడికి గుడ్డచుట్టి లావుగా చేసియిచ్చిరి. కుడిచేతితో దానిని పట్టుకొని, ఎడమచేతిని ఆసరాచేసి, శనివారము మధ్యాహ్నము మొదటి బంతిలో కూర్చున్న చిన్న తరగతి పిల్లలకు పప్పు వడ్డించుచున్నది. ప్రతి మంగళవారము బస్సెక్కి వైద్యాలయమునకు పోవుచున్నది.