బావకు లైసెన్సు, నాకు జైలా?

ఈ నెల మా ఇంటి ముచ్చట ఒకటి మీ ముందు పెట్టుచున్నాము.

మా చెల్లెమ్మ కుటుంబము టెక్సాస్‌లో ఉన్నది. మేనల్లుడికి పదిహేనేండ్లు. ఒక ఆదివారము ఆరాధన అయ్యాక ఫోను చేసి, తానూ తన తండ్రీ చలికాలములో మనుబోతు వేటకు పోవాలని సిద్ధపడుచున్నామని చెప్పాడు. అది మన మనుబోతే! ఉత్తరాదివారు నీల్‌గాయ్ అంటారు. పోయిన శతాబ్దము మొదటి సగములో దానిని దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రములో విడిచారు. అక్కడ అది వేలకు వేలుగా పెరిగింది. మన కృష్ణజింకను కూడా 1932లో ఆ రాష్ట్రానికి తీసుకుపోయారు. ఇంకొక వింత వినండి. పాకిస్తాన్‌లో కృష్ణజింక పూర్తిగా అంతరించినప్పుడు, 1970ల మొదట్లో టెక్సాస్ మందలలోనుండే కొన్నిటిని తిరిగి పంపారు.

ఫోను పెట్టగానే పద్నాలుగేండ్ల మా వాడు అడిగాడు, "డాడీ, బావ పోతే లైసెన్సు ఇస్తరు, నేను పోతే జైల్లో వేస్తరా? జింక ఒక్కటే గదా?"

తిట్టి ఊరుకుందామంటే ప్రశ్న తప్పుది కాదు. వాడి ముత్తాత వేటకుక్కలతో తిరిగినవాడే. ఆ కథలు మేమే ముచ్చటగా చెప్పి పెంచాము. ఇస్సాకు ఏశావును విల్లు తీసుకొని పొమ్మన్నాడని సండేస్కూలులో నేర్పినదీ మేమే. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో తినదగిన జంతువులలో జింకను చెప్పారు.

అందుకని బావగారికి మరల ఫోను చేసి, ఎట్లా సిద్ధపడుచున్నారో అంతా అడిగి, వాడిని పక్కన కూర్చోబెట్టి వినిపించాము. టెక్సాస్‌లో నూటికి తొంభై అయిదు వంతుల పైగా భూమి ప్రైవేటువారిదే. సర్కారు భూమిలో వేటాడాలంటే లగునా అటస్కోసా వంటి వన్యప్రాణి ఆశ్రయములకు దరఖాస్తు పెట్టి లాటరీలో పేరు రావాలి. దానికి ముందు పిల్లవాడు వేట శిక్షణ తరగతి పూర్తిచేయాలి, లైసెన్సు తీసుకోవాలి. పదిహేడు నిండనివాడి పక్కన పెద్దవాడు తప్పక ఉండాలి. బావగారు తాత్కాలిక వీసా మీద ఉన్నారు. అట్టివారు తుపాకి పట్టుకొనుటయే నేరము, రాష్ట్రపు వేట లైసెన్సు చేతిలో ఉంటేనే మినహాయింపు. మగ మనుబోతు రెండు వందల కిలోలు దాటుతుంది, తోలు మందము. గురి తప్పితే గాయముతో పొదలలో పడి బాధపడుతుంది గనుక నెలల తరబడి గురి నేర్చుకొనుచున్నారట. పడ్డ తరువాత మాంసము చెడిపోకుండ మంచు పెట్టెలు కూడా ముందే చూసుకొనుచున్నారు.

"ఇంత తిప్పలా!" అన్నాడు మా వాడు.

అక్కడ వేటాడనిచ్చుటకు కారణమున్నది. మనుబోతు ఆ నేలది కాదు. పశువులకు జ్వరము తెచ్చే గోమారులను అది ఊరూరా మోస్తుందని అక్కడి రైతుల భయము. ఇక్కడ సంగతి వేరు. ఒకప్పుడు దక్కనులో నవాబులు చిరుతపులి వంటి చీతాలను మచ్చిక చేసి కృష్ణజింకల మీదికి వదిలేవారు. ఆ చీతా మన దేశములో అంతరించిందని 1952లో ప్రకటించారు. జింక కూడా ఆ దారినే పోవుచుండగా 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చింది. కృష్ణజింకను చంపితే మూడేండ్లనుండి ఏడేండ్ల జైలు, 2022 సవరణ ప్రకారము ఇరవై అయిదు వేలకు తగ్గని జుల్మానా. ఎంత పేరున్నవాడైనా సరే. 1998లో జోధ్‌పూర్ దగ్గర జింకలను కాల్చిన కేసులో ఒక హిందీ సినిమా హీరోకు 2018లో అయిదేండ్ల శిక్ష పడింది.

రైతు బాధ మాకు తెలియనిది కాదు. నారాయణపేట జిల్లా కృష్ణా మండలములో జింకల మందలు మొలకలను మేసిపోవుచుంటే, రాత్రంతా కాపలా కాసే కుటుంబములున్నవి. వారికి నష్టపరిహారము వేళకు అందవలెను. జింకను కాపాడే ఖర్చంతా ఒక్క పేద రైతు నెత్తిన వేయుట న్యాయము కాదని మా తలంపు.

మా కొంగరకలాన్‌లో ఇప్పుడు జింకలు కావాలన్నా లేవు. 2022లో కలెక్టరేటు వచ్చింది, 2023లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి పునాది వేశారు. అందుకని ఒక శనివారము వనస్థలిపురము దగ్గరి మహావీర్ హరిణ వనస్థలికి వాడిని తీసుకుపోయాము. అది నిజాము వేటాడిన నేల. 1975లో కృష్ణజింకల కొరకు ప్రత్యేకించారు. నల్లని వీపు, మెలికలు తిరిగిన కొమ్ములు గల ఇర్రి ఒకటి మమ్మును చూసి ఆగి, ఎగిరి గడ్డిలోనికి పోయింది. మా వాడు తిరిగివచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక పశువుల కొట్టములోనికి పోయి, క్లచ్ తీగెతో చేసిన ఉచ్చులు రెండు తెచ్చి మా ముందు పెట్టాడు. చెవులపిల్లుల కొరకట. అదీ చట్టము కింద నేరమే. మాకు నోట మాట రాలేదు.

"ఇంకోటి చెరువు కట్ట కాడ ఉంది, పొద్దున తీసుకొస్త" అన్నాడు.

పొద్దునదాకా ఆగలేదు. టార్చిలైటు పట్టుకొని ముగ్గురము అప్పుడే పోయాము. ఉచ్చు ఖాళీగానే ఉన్నది.