ఫోటో వెనక పేరు రాద్దాం

మా రాత్రి బడికి వచ్చే ఒక అక్క మొన్న పాత ఫోటో తెచ్చింది. అందులో ఐదుగురు ఉన్నారు.

"ఈ చంటిపిల్లని నేనే. పక్కన నిలబడిన ఆమె ఎవరో తెలీదు మాస్టారూ. మా నాయనమ్మకి తెలుసు. ఆమె పోయి రెండేళ్లయింది" అంది.

ఫోటో ఉంది. పేరు పోయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఫోటోలు తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. ఒక్కొక్కరి పేరు అడగండి. ఫోటో వెనక, అంచు దగ్గర, పెన్సిలుతో రాయండి. గట్టిగా నొక్కకండి. పెన్ను వద్దు, సిరా ఇంకి ముందువైపు మరక పడుతుంది. వెనక నున్నగా ఉండి పెన్సిలు పడకపోతే కాగితం కవరు మీద రాసి, ఫోటోని అందులో పెట్టండి. రాత వంకరగా ఉన్నా ఫరవాలేదు.

ఏ సంవత్సరమో గుర్తు లేదంటారు. మా కృష్ణా జిల్లాలో అయితే "దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?" అని అడుగుతాం. ఉప్పెన వచ్చింది 1977లో. "ఇందిరాగాంధీ పోయిన ఏడు" అంటే 1984.

పాత ఫోటోల పైపూతలో జెలటిన్ ఉంటుంది. అది పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన జిగురు. తడి తగిలితే ఉబ్బుతుంది, బూజు పడుతుంది, అద్దానికి అంటుకుపోతుంది. కాబట్టి ఫోటోని తడిగుడ్డతో తుడవకండి. అద్దానికి అంటుకుంటే పీకకండి, పూత ఊడి వస్తుంది. అద్దంతో సహా తీసుకెళ్లి స్టూడియోలో కాపీ తీయించండి. రంగుల ఫోటో ఎండ పడే గోడకి తగిలిస్తే వెలిసిపోతుంది.

ఆ అక్క తనకు తెలిసిన నాలుగు పేర్లూ రాసింది. ఐదో పేరుకి చోటు వదిలింది. ఆదివారం మేనత్త ఊరు వెళ్తుందట, అడగడానికి.