ట్రావెల్ నర్సు

ట్రావెల్ నర్సు అనగా ఒకే ఆసుపత్రిలో శాశ్వత ఉద్యోగిగా ఉండక, సిబ్బంది కొరత ఉన్న ఆసుపత్రులలో కొద్ది వారాల ఒప్పందంపై పనిచేసి, గడువు తీరగానే మరొక చోటికి వెళ్ళే నర్సు. ఈ పద్ధతి ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేళ్ళూనుకున్నది. అక్కడ ఒక ఒప్పందం సాధారణంగా 13 వారాలు ఉంటుంది. 8 వారాలవి, 26 వారాలవి కూడా ఉన్నవి. నర్సును నియమించేది ఆసుపత్రి కాదు, సిబ్బందిని సమకూర్చే ఏజెన్సీ. జీతం ఏజెన్సీ ఇస్తుంది, పని ఆసుపత్రి చెబుతుంది, లైసెన్సు మాత్రం నర్సుది. పొరపాటు జరిగినపుడు ముందుగా విచారణకు వచ్చేది ఆ లైసెన్సే.

పేరును బట్టి, రోగికి తోడుగా ప్రయాణించే నర్సు అని పొరబడే అవకాశం ఉన్నది. ఇక్కడ ప్రయాణించేది నర్సు మాత్రమే, రోగులు ఎక్కడివారు అక్కడే ఉంటారు.

చరిత్ర

ఈ వృత్తి ఆరంభానికి 1978లో న్యూ ఆర్లియన్స్ నగరంలో జరిగిన మార్డి గ్రా ఉత్సవాన్ని ఉదాహరిస్తుంటారు. ఉత్సవానికి వచ్చిన జనసందోహం వలన ఆసుపత్రులపై పడిన భారాన్ని మోయడానికి బయటి నర్సులను తాత్కాలికంగా రప్పించారని వాడుకలో ఉన్న కథనం. అయితే ఒక్క ఉత్సవంతో ఒక వృత్తి నిలబడదు. ఏటేటా తిరిగివచ్చే కొరత దీనికి అసలు కారణం. ఉత్తరాది రాష్ట్రాల వృద్ధులు అనేకులు చలికాలం గడపడానికి ఫ్లోరిడా, ఆరిజోనా వంటి వెచ్చని ప్రాంతాలకు తరలివస్తారు. ఆ కొద్ది నెలలు అక్కడి ఆసుపత్రులలో రద్దీ పెరుగుతుంది, వేసవికి తగ్గిపోతుంది. ఆ రద్దీకి సరిపడా సిబ్బందిని ఏడాది పొడవునా పోషించడం కంటే, అవసరమైన కాలానికి ఎక్కువ జీతమిచ్చి పిలిపించుకోవడం ఆసుపత్రులకు అనుకూలం. ప్రసూతి మొదలైన కుటుంబ కారణాలపై ఉద్యోగులకు 12 వారాల వేతనరహిత సెలవు ఇచ్చే చట్టం 1993లో వచ్చినది. 13 వారాల ఒప్పందం అటువంటి ఖాళీని పూడ్చడానికి కూడా సరిపోతుంది.

కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చేసిన చట్టం మరొక మలుపు. ఒక్కొక్క నర్సుకు అప్పగించగల రోగుల గరిష్ఠ సంఖ్యను నిర్ణయించే ఈ నియమాలు 2004 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినవి. వీటి ప్రకారం ఐసీయూలో ఒక నర్సుకు ఇద్దరు రోగులకు మించరాదు. సాధారణ వార్డులో ఈ పరిమితి మొదట ఆరుగురు, 2005 నుండి ఐదుగురు. ఒక నర్సు రాకపోతే ఆమె రోగులను మిగిలినవారికి పంచివేసే పాత అలవాటు దీనితో చెల్లకపోవడంతో తాత్కాలిక నర్సుల అవసరం పెరిగినది.

2020లో కోవిడ్-19 వ్యాపించినపుడు మొదట న్యూయార్కుకు, తరువాత ఇతర రాష్ట్రాలకు వేలాదిగా నర్సులు తరలివెళ్ళారు. కొన్ని ఒప్పందాలలో జీతం వారానికి 5,000 డాలర్లను మించినది. అదే వార్డులో, అదే పని చేస్తున్న శాశ్వత నర్సులు రాజీనామా చేసి, ట్రావెల్ నర్సులుగా వేరొక ఊరికి వెళ్ళడం మొదలైనది. దానితో కొరత తీరడానికి బదులు చోటు మారినది. ఏజెన్సీలు అధిక ధరలు వసూలు చేస్తున్నాయని ఆసుపత్రుల సంఘాలు ఫిర్యాదు చేశాయి. 2022 తరువాత ఈ రేట్లు బాగా తగ్గినవి.

లైసెన్సు

అమెరికాలో నర్సు లైసెన్సును ఇచ్చేది రాష్ట్రం. అర్హత పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ దేశమంతటికీ ఒకటే అయినా, పూర్వం ప్రతి కొత్త రాష్ట్రానికీ వేరుగా దరఖాస్తు చేసుకోవలసి వచ్చేది. దరఖాస్తుకే వారాలు గడిచిపోతే 13 వారాల ఒప్పందానికి అర్థం ఉండదు. ఈ చిక్కును తీర్చడానికి కొన్ని రాష్ట్రాలు తమలో తాము ఒడంబడిక చేసుకున్నవి. ఇది 2000లో అమలులోకి వచ్చినది, సవరించిన రూపం 2018 జనవరిలో ఆరంభమైనది. సొంత రాష్ట్రంలో పొందిన ఒకే లైసెన్సుతో ఒడంబడికలోని ఏ రాష్ట్రంలోనైనా పనిచేయవచ్చు. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఇందులో చేరినవి. ఎక్కువ మంది నర్సులు అవసరమయ్యే కాలిఫోర్నియా, న్యూయార్కు మాత్రం చేరలేదు. లైసెన్సు ఎక్కడిదైనా, రోగి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు నర్సింగు చట్టమే వర్తిస్తుంది.

జీతం, పన్నులు

వారానికి 12 గంటల షిఫ్టులు మూడు, అనగా 36 గంటలు పనిచేయడం ఎక్కువగా కనిపించే ఏర్పాటు. జీతం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది గంటల లెక్కన ఇచ్చే వేతనం, దానిపై పన్ను ఉంటుంది. రెండవది ఇంటి అద్దె, భోజనాల కొరకు ఇచ్చే భత్యం, తగిన షరతులకు లోబడి దీనిపై పన్ను ఉండదు. ఉదాహరణకు వారానికి 2,000 డాలర్ల ఒప్పందంలో గంటకు 25 డాలర్ల చొప్పున వేతనం 900, భత్యం 1,100 ఉండవచ్చు.

భత్యంపై పన్ను మినహాయింపు దొరకాలంటే నర్సుకు మరొక చోట నిజమైన స్థిరనివాసం ఉండి, దాని ఖర్చును కూడా భరిస్తూ ఉండాలి. ఇల్లు ఖాళీ చేసి, సామాను కారులో వేసుకుని ఊరూరా తిరిగే నర్సుకు ఈ మినహాయింపు వర్తించదు. ఒకే ప్రాంతంలో సంవత్సరానికి మించి పనిచేయాలని ముందుగానే నిశ్చయమైతే దానిని తాత్కాలికమని పరిగణించరు. అనేకులు ఈ సంగతి పన్ను శాఖ నుండి ఉత్తరం వచ్చిన తరువాతనే తెలుసుకుంటారు.

తక్కువ వేతనం, ఎక్కువ భత్యం అనే లెక్క చేతికి వచ్చే డబ్బును పెంచుతుంది గాని, సామాజిక భద్రతా పింఛను, నిరుద్యోగ భృతి వంటివాటిని తగ్గిస్తుంది. ఇంటి రుణం కొరకు బ్యాంకుకు వెళ్ళినపుడు కూడా ఇది అడ్డు రావచ్చు. ఓవర్‌టైము సంగతిలో కోర్టులు జోక్యం చేసుకున్నవి. పనిచేసిన గంటలను బట్టి పెరిగే, తగ్గే భత్యం నిజానికి వేతనమేనని, ఓవర్‌టైము లెక్కలో దానిని చేర్చాలని 2021లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు తీర్పు చెప్పినది.

కొత్త వార్డులో మొదటి రోజులు

శాశ్వత ఉద్యోగంలో చేరిన నర్సుకు వారాల తరబడి శిక్షణ ఉంటుంది. ట్రావెల్ నర్సుకు తరచుగా లభించేది ఒకటి రెండు షిఫ్టులు మాత్రమే. వైద్యం తెలియదని కాదు, సాధారణంగా ఆ విభాగంలో కనీసం ఒకటి రెండు సంవత్సరాల అనుభవం లేనిదే ఒప్పందం దొరకదు. తెలియనిది ఆ భవనం. గుండె ఆగిన రోగికి కావలసిన క్రాష్ కార్ట్ ఏ మూలన ఉన్నది, అత్యవసర బృందాన్ని పిలవడానికి ఏ నంబరు తిప్పాలి, మందుల యంత్రం తెరవడానికి సంకేతపదం ఎవరిస్తారు, రాత్రివేళ రక్తం ఎక్కడి నుండి తేవాలి, ఇన్సులిన్‌కు, హెపారిన్‌కు ఈ ఆసుపత్రి నియమాలేమిటి అనే ప్రశ్నలకు సమాధానాలు మొదటి షిఫ్టులోనే సంపాదించుకోవాలి. అనుభవజ్ఞులైనవారు రోగుల అప్పగింత తీసుకోకముందే వార్డు ఒకసారి చుట్టి, ఇవన్నీ చిన్న కాగితంపై వ్రాసుకుంటారు.

దీనికి తోడు, ఒక వార్డులో సిబ్బంది మిగిలి మరొక వార్డులో తక్కువైతే ముందుగా పంపించేది ట్రావెల్ నర్సునే. నర్సుల భాషలో దీనిని ఫ్లోటింగు అంటారు. అలవాటు లేని విభాగంలో, పరిచయం లేని రోగుల మధ్య పని చేయవలసి వచ్చినపుడు ఎంతవరకు అంగీకరించాలన్నది కష్టమైన నిర్ణయం. తిరస్కరిస్తే ఒప్పందం రద్దు కావచ్చు, అంగీకరించి పొరపాటు చేస్తే లైసెన్సు పోవచ్చు. టెక్సాస్ రాష్ట్రంలో ఇందుకు ఒక రక్షణ ఉన్నది. అప్పగించిన పని రోగికి ప్రమాదకరమని నర్సు సద్భావంతో నమ్మితే, ఆ పనికి ముందుగా నిర్ణీత పద్ధతిలో తెలియజేసి తోటి నర్సుల సమీక్ష కోరవచ్చు. అలా కోరినవారిపై ప్రతీకార చర్య తీసుకోరాదు.

తాత్కాలిక నర్సుల వలన రోగులకు హాని కలుగుతుందన్న అభిప్రాయం చాలాకాలంగా ఉన్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లిండా ఐకెన్ బృందం 2007లో, 2013లో ప్రచురించిన పరిశోధనలు దీనిని సమర్థించలేదు. సిబ్బంది చాలని, పని వాతావరణం బాగులేని ఆసుపత్రులే తాత్కాలిక నర్సులను ఎక్కువగా పిలుస్తాయని, అక్కడి చెడు ఫలితాలకు ఆ పరిస్థితులే కారణమని ఈ బృందం వివరించినది.

ఒప్పందంలో చూడవలసినవి

వారానికి కనీసం ఇన్ని గంటలకు జీతం తప్పక ఇస్తామన్న హామీ ఉన్నదా లేదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఇది లేకపోతే రోగులు తగ్గిన రోజున ఆసుపత్రి నర్సును ఇంటికి పంపివేయగలదు, అద్దె మాత్రం ఆగదు. ఒప్పందాన్ని మధ్యలో రద్దు చేసే హక్కు ఎవరికి ఉన్నది, నర్సు ఒక షిఫ్టుకు రాకపోతే ఎంత కోత విధిస్తారు, ఏ వార్డులకు పంపవచ్చు అన్నవి తరువాత చూడాలి. ముఖాముఖి తరచుగా ఫోనులోనే ముగుస్తుంది. అందులో ఇచ్చిన మాట కాగితంపైకి రాకపోతే నిలవదు. సమ్మె సమయంలో పనిచేయడానికి వేరే ఏజెన్సీలు ఉన్నవి. 1974 చట్టసవరణ ప్రకారం ఆసుపత్రి కార్మిక సంఘాలు 10 రోజుల ముందు సమ్మె నోటీసు ఇవ్వాలి కనుక, ఆ వ్యవధిలో బయటి నర్సులను సమకూర్చుకోవడం ఆసుపత్రులకు సాధ్యమవుతున్నది.

భారతీయ నర్సులు

ఎన్‌క్లెక్స్ పరీక్షా కేంద్రాలు ఉన్న భారతీయ నగరాలలో హైదరాబాదు ఒకటి. అయితే పరీక్ష నెగ్గి వలస వీసాపై వెళ్ళేవారు వెంటనే ట్రావెల్ నర్సులు కాలేరు. వీసాకు హామీదారైన ఆసుపత్రి లేదా ఏజెన్సీ వద్ద రెండు మూడు సంవత్సరాలు పనిచేయాలన్న ఒప్పందం సాధారణంగా ఉంటుంది. గడువుకు ముందు మానివేస్తే పెద్ద మొత్తం చెల్లించాలన్న షరతును సంతకానికి ముందు చదవడం అవసరం. ఫిలిప్పీన్స్ నర్సులపై విధించిన 25,000 డాలర్ల అటువంటి షరతు చెల్లదని 2019లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చినది.

భారతదేశంలో 13 వారాల ఒప్పందాలతో రాష్ట్రాలు మారే వృత్తి ఏర్పడలేదు. ఇక్కడ నర్సుల నమోదు రాష్ట్ర కౌన్సిళ్ళ ద్వారా జరుగుతున్నది. ఒక రాష్ట్రంలో చదివి మరొక రాష్ట్రంలో ఉద్యోగం చేయాలంటే పాత కౌన్సిల్ నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, కొత్త కౌన్సిల్‌లో తిరిగి నమోదు కావాలి. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణకు వేరుగా నర్సింగు కౌన్సిల్ ఏర్పడినది.