కాటా దగ్గర విశ్వాసి

నవంబరు దాటితే కంకిపాడు నుంచి ఉయ్యూరు వైపు బందరు రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఆరబోసిన ధాన్యమే. వరికోత మిషన్‌తో కోసిన వడ్లలో తేమ ఎక్కువ. మద్దతు ధర రావాలంటే తేమ 17 శాతం మించకూడదు. అది ఆరేలోపే మబ్బు పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోసిన పనలు, పోసిన రాశులు నీటిపాలైన సంగతి మన సంఘాలలో ఎవరూ మరచిపోలేదు. అలాంటి మబ్బు కింద నిలబడిన కౌలు రైతుకు బేరమాడే ఓపిక ఉండదు. బస్తాకు రెండు కిలోలు తరుగు అంటే సరే అంటాడు. మూడు అన్నా సరే అంటాడు.

ఈ వారం మేము మాట్లాడదలచినది ఆ ‘సరే’ గురించే. ధాన్యం కొనే వ్యాపారంలో మన విశ్వాసులు కూడా ఉన్నారు. “ఆయన ఒప్పుకున్నాకే తీశాం కదా పాస్టరుగారూ, ఇందులో దొంగతనం ఏముంది?” అని అడిగేవారూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. పచ్చి ధాన్యం ఆరితే బరువు తగ్గుతుంది. తేమకు తగినంత తరుగు తీయడం అన్యాయం కాదు. అయితే ఎండిన ధాన్యానికీ పచ్చి ధాన్యానికీ ఒకటే మూడు కిలోలు తీస్తే, అది తేమ లెక్క కాదు. ఎదుటివాని అవసరానికి కట్టిన లెక్క.

ఇశ్రాయేలీయుల కాలంలో తూకానికి రాళ్లు వాడేవారు. వ్యాపారి వాటిని సంచిలో వేసుకుని తిరిగేవాడు. ఒకే సంచిలో పెద్ద రాయీ చిన్న రాయీ ఉంచుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఇంకొకటి తీసే అలవాటు అప్పటికే ఉందన్నమాట. ఇప్పుడు కాటా ఎలక్ట్రానిక్‌ది, దానిమీద తూనికలు కొలతల శాఖ ముద్ర కూడా ఉంటుంది. కాటా చూపిన అంకె ఒకటి, చిట్టీలో రాసిన అంకె మరొకటి అయినప్పుడు మాత్రం ఆ రెండు రాళ్లూ మళ్లీ సంచిలోకి వచ్చినట్టే. ఆ అధ్యాయంలోనే మరొకటి గమనించండి. సరైన తూనికకు దేవుడు జతచేసిన వాగ్దానం, ఆ దేశంలో దీర్ఘాయువు. తల్లిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చినదీ అదే. ఐదవ ఆజ్ఞను సండేస్కూలులో కంఠతా పట్టిస్తాం. దీన్ని ఎందుకో పట్టించం.

లేవీయకాండము 19లో పొరుగువానిని ప్రేమించుమన్న మాట, న్యాయమైన త్రాసు ఆజ్ఞ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. త్రాసు సంగతి చెప్పిన వెంటనే, ఐగుప్తులోనుండి మిమ్మును రప్పించినది నేనే అని దేవుడు గుర్తుచేస్తాడు. ఐగుప్తులో వాళ్లెవరు? గడ్డి ఇవ్వకుండా ఇటుకల లెక్క మాత్రం తగ్గనివ్వని యజమానుల కింద కూలివాళ్లు. ఎదురు చెప్పలేక తల ఊపడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

ఆమోసు 8వ అధ్యాయంలోని వర్తకులు విశ్రాంతిదినాన అంగడి తెరవలేదు. ఆచారం తప్పలేదు. ఆ దినం ఎప్పుడు ముగుస్తుందా, చిన్న తూముతో ధాన్యం ఎప్పుడు అమ్ముదామా అని కూర్చున్నారు. ఆదివారం షట్టరు దించామని సాక్ష్యం చెప్పుకునేవారు ఆ వచనాలు ఒకసారి చదవాలి. కొనేవారికీ మాట ఉంది. సరుకు బాగోలేదని విసుక్కుని, తక్కువకు కొట్టేసి, ఇంటికెళ్లి గొప్పలు చెప్పుకునేవాడు సామెతలు 20:14లో కనిపిస్తాడు. మార్కెట్లో కూరలమ్మే ముసలమ్మ దగ్గర మనలో చాలామందిమి వాడే.

ఇక తీసుకున్నదాని సంగతి. వంద బస్తాల మీద బస్తాకు మూడు కిలోలు అన్యాయంగా తీశారనుకుందాం. 300 కిలోలు. లేవీయకాండము 6 ప్రకారం అసలు ఇచ్చి, దానిమీద ఐదవ వంతు కలపాలి. అంటే మరో 60 కిలోలు. మొత్తం 360 కిలోలు, 75 కిలోల లెక్కన నాలుగు బస్తాలూ 60 కిలోలు. 2025-26 మద్దతు ధర, సాధారణ రకం క్వింటాలుకు రూ.2,369 చొప్పున చూస్తే రూ.8,500 పైమాటే. కౌలుకు చేసేవానికి అది పిల్లవాని ఫీజు. జక్కయ్య ఈ లెక్కతో ఆగలేదు, నాలుగంతలు ఇస్తానన్నాడు.

కోతపండుగకు మందిరంలోకి ధాన్యం బస్తాలు వస్తాయి. వాటిని ఆశీర్వదించే మా తోటి సేవకులకు సంఖ్యాకాండము 5:8 గుర్తుచేస్తున్నాం. నష్టపోయినవానికి గాని, వాని తరఫున పుచ్చుకునే బంధువుకు గాని ముట్టజెప్పే వీలు లేనప్పుడే ఆ సొమ్ము యాజకునికి చేరాలి. రైతు పేరూ ఊరూ చిట్టీమీద ఉంటాయి.