రోల్స్ థీరమ్‌కు లొంగని కమాను

ఎం-1లో నాకు బ్యాక్‌లాగ్ ఎందుకు మిగిలిందో ఒక్క ప్రశ్నతో చెప్పగలను. రోల్స్ థీరమ్ చదివిన వాళ్లందరికీ ఈ ఉదాహరణ తెలుసు: −1 నుంచి 1 వరకు |ఎక్స్|కు ఆ థీరమ్ వర్తించదు, ఎందుకంటే సున్నా దగ్గర అది డిఫరెన్షియబుల్ కాదు. ఈ వాక్యం నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ పరీక్షలో |ఎక్స్| బదులు రెండు ముక్కలుగా రాసిన ఇంకో ఫంక్షన్ వచ్చింది. నేను బట్టీ పట్టిన వాక్యం దానికి పనికొస్తుందో లేదో తెలియలేదు. "డిఫరెన్షియబుల్ కాదు" అంటే చూడ్డానికి ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు మరి.

సప్లీకి చదువుకుందామని మెదక్‌లో మా ఇంటికి వెళ్లినప్పుడు అది కంటితో చూశాను. ఫోన్లో తెరిచిన గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్లో, మా ఊరి చర్చి కిటికీ ఫోటో మీద. మీలో ఎవరికైనా ఎం-1 ఇంకా మిగిలి ఉంటే ఇది మీ కోసమే.

ముందు పనిముట్టు గురించి. నేను వాడింది డెస్మోస్. ఎలై లుబెరాఫ్ అనే అమెరికన్ 2011లో మొదలుపెట్టాడు. బ్రౌజర్లో తెరిస్తే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. ఒకవైపు సమీకరణం రాస్తే ఇంకోవైపు బొమ్మ గీస్తుంది. అసలు మజా స్లైడర్లలో ఉంది. విలువ చెప్పని అక్షరం ఒకటి సమీకరణంలో రాస్తే, దానికి స్లైడర్ పెట్టాలా అని అదే అడుగుతుంది. పెట్టి వేలితో లాగితే, ఆ అక్షరం విలువతో పాటు బొమ్మ కూడా కదులుతుంది. జియోజీబ్రాలో కూడా ఇదంతా చేయొచ్చు. ఇక్కడ సమీకరణాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు మామూలు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టండి.

ఇక చర్చి. 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆధ్వర్యంలో పని మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో ఊరివాళ్లకు పనీ తిండీ ఇచ్చిన కట్టడంగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. కట్టడం గోథిక్ పద్ధతిలో ఉంటుంది, అంటే కమానులు గుండ్రంగా ముగియవు, పైన మొన తేలి ఉంటాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ మొన మీద నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

ఒక సాయంత్రం ఊరికే ఒక కిటికీ ఫోటో తీసి డెస్మోస్‌లో పెట్టాను. దాని మీద ఒక కర్వ్ కూర్చోబెడదామని ఆశ. మనకు వంపు కనిపిస్తే మొదట గుర్తొచ్చేది పారాబోలా కదా! కమాను అంచు వెంబడి పాయింట్లు టేబుల్లో రాసుకుని రిగ్రెషన్ పెట్టాను. ఫోటో గొడవ లేకుండా మీరే చేసి చూడాలంటే ఈ 9 పాయింట్లు తీసుకోండి. ఎక్స్ 0 దగ్గర వై 1.732, ±0.25 దగ్గర 1.561, ±0.5 దగ్గర 1.323, ±0.75 దగ్గర 0.968, ±1 దగ్గర 0. ఇవి ఒక చక్కటి గోథిక్ కమాను మీది పాయింట్లు.

డెస్మోస్ గీసే పారాబోలాకు ఆర్² సుమారు 0.977 వస్తుంది. ల్యాబ్ రికార్డులో ఇంత వస్తే పండగ చేసుకుంటాం. శిఖరం ఎత్తు కూడా దాదాపు సరిగ్గానే వస్తుంది: 1.732కు బదులు 1.736. అయిపోయిందనుకుని, శిఖరం దగ్గర జూమ్ చేశాను.

జూమ్ చేసేకొద్దీ పారాబోలా చదునై, చివరికి అడ్డగీతలా మారిపోయింది. ఫోటోలో కమాను మాత్రం మొనగానే ఉంది. అప్పుడు వెలిగింది. ఒక పాయింట్ దగ్గర ఎంత జూమ్ చేస్తే అంతగా సరళరేఖలా కనిపించేదే డిఫరెన్షియబుల్ ఫంక్షన్. ఆ రేఖ వాలునే మనం డెరివేటివ్ అంటున్నాం. ఎంత దగ్గరికి వెళ్లినా మూల మూలగానే మిగిలితే, అక్కడ ఒక రేఖ లేదు కాబట్టి ఒక వాలు కూడా లేదు. |ఎక్స్| గీసి సున్నా దగ్గర జూమ్ చేశాను. అది కూడా అంతే, ఎంత పెద్దది చేసినా అదే వి ఆకారం.

సరే, పారాబోలా కాకపోతే మరి ఏమిటి? మొన అంటే రెండు వంపులు కలిసే చోటు కాబట్టి రెండు వృత్తాలు పెట్టాను. సెంటర్లు మధ్య నుంచి చెరోవైపు "సి" దూరంలో, రేడియస్‌కు వేరే స్లైడర్. సి జరిపితే మొన మారుతోంది కానీ, కమాను కాళ్లు కిటికీ వెడల్పు దాటి పోతున్నాయి. రేడియస్ మారిస్తే కాళ్లు కుదురుతున్నాయి, ఎత్తు పోతోంది. అరగంట ఆ రెండు స్లైడర్లతో కుస్తీ పట్టాను. మా మేనమామ మేస్త్రి పని చేస్తాడు. పక్కన కూర్చుని చాయ్ తాగుతూ ఫోన్లోకి చూశాడు.

"ఏం గీస్తున్నవ్‌రా?"

"కమాను, మామా. కాళ్లు కలుస్తలేవు."

"మొలలు జరుపుతున్నవ్, సుతిలి మాత్రం అట్లనే ఉంచుతున్నవ్. కాళ్లెట్ల కలుస్తయ్? మొల ఎంత జరిపితే సుతిలి అంత పెంచాలె."

మేస్త్రీలు కమాను గీసే పద్ధతి అదే. రెండు మొలలు, ఒక సుతిలి. కుడివైపు వంపు గీయడానికి ఎడమ మొలకు సుతిలి కట్టి తిప్పుతారు, ఎడమ వంపుకు కుడి మొల. మొల నుంచి ఎదురు కాలు వరకు ఉన్న దూరమే సుతిలి పొడవు. కమాను సగం వెడల్పు "ఎ" అనుకుంటే ఆ పొడవు ఎ + సి. అంటే రేడియస్‌కు వేరే స్లైడర్ అక్కర్లేదు! నా రెండు వృత్తాలు ఒకే సమీకరణంలోకి వచ్చేశాయి:

(|ఎక్స్| + సి)² + వై² = (ఎ + సి)²

పక్కనే వై ≥ 0 అని మీసాల బ్రాకెట్లలో రాస్తే పై సగమే మిగులుతుంది. ఇప్పుడు ఎ = 1 పెట్టి సి ఒక్కటే లాగండి. సి = 0 అయితే అర్ధవృత్తం, ఎత్తు 1. సి = 0.5 అయితే ఎత్తు 1.414. సి = 1 అయితే 1.732, పైన నేనిచ్చిన 9 పాయింట్లు ఈ కమానువే. సి = 3 అయితే 2.646, ఈటె మొనలా సన్నటి కమాను. సి ని −0.25కు లాగితే మధ్యలో నొక్కు పడి, లవ్ సింబల్ పైభాగం వస్తుంది. అది నేను కావాలని చేసింది కాదు, వేలు జారింది.

గోథిక్ కట్టడాల వాళ్లకు మొన ఎందుకు నచ్చిందో కూడా ఈ స్లైడరే చెప్తుంది. అర్ధవృత్తంలో వెడల్పు చెప్తే ఎత్తు దానంతటదే ఖాయమైపోతుంది, సరిగ్గా సగం. మొన కమానులో వెడల్పు మార్చకుండా ఎత్తు మన ఇష్టం. కావలసిన ఎత్తు "హెచ్" అయితే సి = (హెచ్² − ఎ²) / 2ఎ. 4 అడుగుల దర్వాజ మీద 3 అడుగుల ఎత్తు కమాను కావాలనుకోండి. ఎ = 2, హెచ్ = 3. సి 1.25 అడుగులు, సుతిలి 3.25 అడుగులు. మామకు అడుగు మూడంగుళాలు, మూడడుగుల మూడంగుళాలు అని చెప్పాను. గోడ మీద బొగ్గుతో గీసి టేపు పెట్టి చూసి, "సరిపోయింది" అన్నాడు. నా జీవితంలో గణితానికి దొరికిన మొదటి సర్టిఫికెట్ అది.

ఇప్పుడు రోల్స్ థీరమ్. మిషెల్ రోల్ అనే ఫ్రెంచాయన 1691లో దీన్ని పాలినామియల్స్ వరకు నిరూపించాడు. తమాషా ఏంటంటే, కాలిక్యులస్‌ను మొదట్లో గట్టిగా వ్యతిరేకించిన వాళ్లలో ఆయనొకడు. థీరమ్ చెప్పేది ఇదే: రెండు చివర్లలో విలువ ఒకటే అయి, మధ్యలో తెగకుండా, ఎక్కడా మొన లేకుండా కర్వ్ ఉంటే, ఎక్కడో ఒకచోట వాలు సున్నా కావాలి. మన కమాను రెండు కాళ్ల దగ్గరా ఎత్తు సున్నా, మధ్యలో ఎక్కడా తెగదు. సి = 0 అయితే నడినెత్తిన వాలు సున్నా, థీరమ్ నిలబడింది. సి ని సున్నా కన్నా ఇసుమంత పెంచినా పడిపోతుంది. ఎక్కినంతసేపూ ఎక్కుడే, దిగినంతసేపూ దిగుడే, నడుమ ఆగే చోటే లేదు.

పై సగాన్ని ఎఫ్(ఎక్స్) = √((ఎ + సి)² − (|ఎక్స్| + సి)²) అని రాసుకుని, కింద వై = ఎఫ్′(ఎక్స్) కొట్టండి. డెరివేటివ్ గ్రాఫ్ రెండు ముక్కలుగా వస్తుంది. ఎ = 1, సి = 1 అయినప్పుడు ఎడమ ముక్క సున్నా దగ్గరికి వస్తూ 0.577కు చేరుతుంది, కుడి ముక్క −0.577 నుంచి మొదలవుతుంది. రెండూ ఎక్స్ అక్షాన్ని తాకవు. పరీక్షలో రాయాల్సిన కారణం ఇదే: ఎడమ డెరివేటివ్ సి/√(ఎ² + 2ఎసి), కుడి డెరివేటివ్ −సి/√(ఎ² + 2ఎసి). సి సున్నా అయితే తప్ప ఈ రెండూ సమానం కావు.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, తెరను పూర్తిగా నమ్మొద్దు. √(ఎక్స్² + 0.000001) గీసి చూడండి, అచ్చం |ఎక్స్|లా మొనగా కనిపిస్తుంది. వెయ్యి రెట్లు జూమ్ చేస్తే గుండ్రంగా తేలుతుంది. గ్రాఫ్ అనుమానం పుట్టిస్తుంది, తీర్పు మాత్రం లిమిట్‌దే. రెండు, (ఎక్స్² − 1)/(ఎక్స్ − 1) గీస్తే మామూలు గీతలా వస్తుంది. ఎక్స్ = 1 దగ్గర చిల్లు ఉందని చూపుకు తెలియదు. మూడు, నా ఫోటో కింద నిలబడి పైకి తీసింది. అట్లా తీస్తే ఎత్తు కుంచించుకుపోతుంది. అందుకే నాకు వచ్చిన సి విలువ ఇక్కడ చెప్పడం లేదు. అది నా ఫోటో కొలత అవుతుంది కానీ చర్చి కొలత కాదు.

సప్లీలో మళ్లీ ముక్కల ఫంక్షనే వచ్చింది. ఈసారి ముందు రఫ్ పేజీలో బొమ్మ గీసుకున్నాను. మొన ఎక్కడుందో కనిపించింది, అక్కడే రెండు వైపులా డెరివేటివ్ కట్టాను. బ్యాక్‌లాగ్ పోయింది.

ఇప్పుడు మీ వంతు. మీ ఊళ్లో చర్చి, మసీదు, పాత కోట దర్వాజ, ఏదో ఒక కమాను ఎదురుగా నిలబడి తిన్నగా ఫోటో తీయండి. హైదరాబాద్ వాళ్లకు చార్మినార్ ఉండనే ఉంది. పై సమీకరణంలో ఒక్క సి తో మీ కమాను కుదురుతుందేమో లాగి చూడండి. కుదరకపోతే మామ మాట గుర్తు చేసుకోండి: ఆ మేస్త్రి ఎన్ని మొలలు కొట్టి ఉంటాడు?