దానానికి తగిన కాలం



ప్రతిఫలం కోరక, తగిన చోట, తగిన కాలంలో, తగిన పాత్రునికి ఇచ్చినదే సాత్త్విక దానమని భగవద్గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ ఉపదేశించినాడు. కాలం అనగానే మనకు గ్రహణాలు, సంక్రమణాలు, పుష్కరాలు స్ఫురిస్తాయి. అవి పుణ్యకాలాలే, సందేహం లేదు. కాని పుట్టుకతోనే గుండెజబ్బు ఉన్న పసిబిడ్డ విషయంలో ఆ కాలాన్ని పంచాంగం నిర్ణయించదు, బిడ్డ దేహమే నిర్ణయిస్తుంది.

ఇది మేము ఆలస్యంగా నేర్చిన పాఠం. చాలా ఏళ్ల క్రితం ఒక పేద దంపతులు శిశువుతో మా ఇంటికి వచ్చినారు. "అయ్యగారూ, బిడ్డ పాలు తాగుతూనే ఆయాసపడుతున్నాడు. గుండెకు ఆపరేషన్ చేయించమన్నారు. మేమేం పాపం చేశామో చూడండి" అని కన్నీరు పెట్టుకొన్నారు. మేము జాతకం చూచి, శుక్రమౌఢ్యం వెళ్లిన పిమ్మట గ్రహశాంతి చేసికొని, ఆపైన చికిత్స చేయించుకొమ్మన్నాము. తరువాత ధనం కూడబెట్టడానికి మరికొన్ని మాసాలు పట్టినవి. తీరా తీసికొని వెళ్తే, ముందే వచ్చి ఉంటే సులభంగా ఉండేదని వైద్యులు చెప్పినారు. దైవానుగ్రహం వల్ల బిడ్డకు గండం గడిచినది. మా మనస్సులోని అపరాధభావం మాత్రం నేటికీ తీరలేదు. ఆతురునికి నియమాలు వర్తించవన్న పెద్దల మాట మాకు తెలియనిది కాదు. వేళకు గుర్తురాలేదు, అంతే.

పుట్టిన 1000 మంది శిశువులలో సుమారు 8, 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని వైద్యులు అంటారు. అందులో కొన్ని వాటంతట అవే సరిపోతాయి. గుండె దిగువ గదుల నడిమి గోడలో పెద్ద రంధ్రం ఉంటే మాత్రం ఊపిరితిత్తులకు మితిమీరిన రక్తం పోతుంది. ఉపేక్షిస్తే అక్కడి రక్తనాళాలు బిరుసెక్కుతాయి. ఆ దశ దాటితే రంధ్రం మూయడమే ప్రాణాపాయం అవుతుంది. పాలు తాగేటప్పుడు చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ రొమ్ముపడిశం, పెదవులు నీలిరంగుకు తిరగడం కనిపిస్తే జాగు చేయరాదు.

ఇది తల్లిదండ్రుల పాపఫలమని ఎవరూ నిందించరాదు. పరుల పూర్వకర్మను తూచే త్రాసు మన చేతిలో లేదు. ఎదుట ఉన్న బిడ్డ పట్ల కర్తవ్యం మాత్రం మన చేతిలోనే ఉన్నది.

రోగిసేవ మన ధర్మానికి కొత్త కాదు. రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం మందడం గ్రామ ఆదాయం నుండి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు భాగాలు కేటాయించినది. ఆలయం, మఠం, వైద్యం ఒకే ధర్మవృక్షపు కొమ్మలని దానివల్ల తెలుస్తున్నది. ఆ మార్గంలోనే 1991లో పుట్టపర్తిలో ఉచిత వైద్యాలయం వెలసినది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని ప్రారంభించినది. పేదల వైద్యానికై దేవస్థానంవారి ప్రాణదాన ట్రస్టు కూడా ఉన్నది.

శస్త్రచికిత్స ఉచితమైనా పేదవానికి ఖర్చు తప్పదు. దారిఖర్చులు, బస, మందులు, పోయిన కూలి, ఇవే బిడ్డను ఇంటివద్ద ఆపివేస్తాయి. కనుక ఉత్సవాల చందాలలో కొంత భాగం ముందే ఇందుకై ఉంచండి. బిడ్డ కనిపించిన తరువాత చందాపుస్తకం తెరిస్తే కాలం మించిపోవచ్చు. వసూలు చేసినదానికి రసీదు, లెక్క ఉండవలె. బిడ్డను వేదికపై నిలిపి, తల్లి కన్నీటిని నలుగురికీ చూపి ధనం అడగరాదు. పుచ్చుకొనేవారి మానాన్ని కాపాడనిది సాత్త్విక దానం కాజాలదు.

ఈసారి మీ వీధిలో ఆయాసపడే పసిబిడ్డ కనిపిస్తే మాలాగా ముహూర్తం వెదకకండి. ఆ క్షణమే మీకు పుష్కరం.

స్వస్తి.